మన టౌన్ పార్కులకి డబ్బు ఎక్కడిది, అందులో మెలిక ఏంటి
(న్యూజెర్సీలో తెలుగువాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగం, రికార్డింగ్ నుంచి రాసింది)

అందరికీ నమస్కారమండీ. వెనక నుంచున్నవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు బోలెడున్నాయి, ప్రశ్నలేం అడగను లెండి (నవ్వులు). పరిచయాలు, శాలువాలు ఏమీ వద్దని ముందే చెప్పాను కాబట్టి డైరెక్ట్‌గా మేటర్‌లోకి వెళ్ళిపోదాం.

ఇక్కడ సొంతిల్లు ఉన్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. ఆ, దాదాపు అందరూ. ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూసి ఏడవనివాళ్ళు ఎంతమంది? (నవ్వులు) సరే. ఆ బిల్లు మీద స్కూల్ టాక్స్ అని పెద్ద నంబరుంటుంది, మునిసిపల్ అని ఒకటి, కౌంటీ అని ఒకటి, వాటి కింద చిన్నగా, ఎవరూ పట్టించుకోని లైన్ ఒకటుంటుంది, ఓపెన్ స్పేస్ టాక్స్ అని, పార్కులకీ ఖాళీ స్థలాలకీ పోయే డబ్బు అది. న్యూజెర్సీలో 21 కౌంటీలుంటే 21 కౌంటీలకీ అది ఉంది, చాలా టౌన్లకి విడిగా సొంతది కూడా ఉంది. ఇది ఎవరో పైనుంచి రుద్దింది కాదండీ, బ్యాలెట్ మీద పెట్టి, జనం ఓటేస్తేనే వచ్చింది. లెక్క కూడా సింపుల్, వంద డాలర్ల అసెస్డ్ వాల్యూకి ఇన్ని సెంట్లు అని. ఇల్లు 5 లక్షల డాలర్లకి అసెస్ అయిందనుకోండి, రేటు ఒక సెంటు అయితే ఏడాదికి 50 డాలర్లు. అసెస్డ్ వాల్యూ అంటున్నాను, అంటే టాక్స్ కోసం టౌన్ కట్టిన విలువ, జిల్లో వెబ్‌సైట్‌లో చూపించే రేటు కాదు, కొన్ని టౌన్లలో ఆ విలువ మళ్ళీ కట్టి దశాబ్దాలయింది, అక్కడ కాగితం మీద రేటుకీ బయట రేటుకీ పొంతనే ఉండదు.

ఈ 50 డాలర్లతో ఏమొస్తుంది అంటారు. ఒక్కదానితో ఏమీ రాదు, ఇక్కడ ఎకరం రేటు మీకు తెలియంది కాదు. కానీ టౌన్ దగ్గర ఆ డబ్బు ఉంటే దాన్ని చూపించి స్టేట్ దగ్గర ఇంకో సగం తెచ్చుకోవచ్చు, కౌంటీని అడగొచ్చు, ఒక్కోసారి ఫెడరల్ డబ్బు కూడా కలుస్తుంది. మ్యాచింగ్ గ్రాంట్ అంటారు కదా, అది. నువ్వు సగం పెడితే నేను సగం పెడతా అని. మన వాటా లేకపోతే మాత్రం చాలా గ్రాంట్లకి అప్లికేషన్ పెట్టడం కూడా దండగే.

స్టేట్ వైపు నుంచి ఇచ్చేది గ్రీన్ ఏకర్స్ ప్రోగ్రామ్. 1961లో మొదలైంది. అప్పటికి ఈ టర్న్‌పైక్, పార్క్‌వే హైవేలన్నీ వచ్చేసి, పొలాలన్నీ ప్లాట్లయిపోతున్న టైము అది, మన హైదరాబాద్ శివార్లు చూశాం కదా, ఆ ఊపు ఇక్కడ అప్పుడే నడిచింది. ఇలాగే వదిలేస్తే తర్వాత కొందామన్నా భూమి మిగలదని 60 మిలియన్ డాలర్ల బాండు బ్యాలెట్ మీద పెట్టారు, జనం ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఎన్నిసార్లు బ్యాలెట్ మీద పెట్టినా, అది రిపబ్లికన్ల టైమా డెమోక్రాట్ల టైమా అని చూడకుండా, జనం ప్రతిసారీ అవుననే అన్నారు. టాక్స్ అంటే మండిపడే స్టేట్ ఇది, గుర్తుపెట్టుకోండి! 1998లో ఏకంగా రాజ్యాంగ సవరణ చేసి సేల్స్ టాక్స్‌లోంచి ఏటా 98 మిలియన్లు పదేళ్ళ పాటు దీనికి పక్కన పెట్టారు. 2014లో ఇంకో సవరణ, ఈసారి కంపెనీల మీద వేసే కార్పొరేషన్ బిజినెస్ టాక్స్‌లోంచి వాటా. ఈ 2014ది మాత్రం అంత శుభ్రమైన వ్యవహారమని నేను అనను, ఎందుకంటే అది కొత్త డబ్బు కాదు, కాలుష్యం క్లీనప్‌కీ స్టేట్ పార్కుల రిపేర్లకీ వెళ్తున్న వాటాలోంచి తీసి ఇటు తిప్పారు. అప్పట్లో పర్యావరణం వాళ్ళలోనే రెండు వర్గాలైపోయాయి దాని మీద.

ఇక ఫెడరల్. దీని కథ నాకు చాలా ఇష్టం, కొంచెం ఓపిక పట్టండి. ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్ అని, 1964 సెప్టెంబర్ 3న ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టారు, అదే రోజు వైల్డర్‌నెస్ యాక్ట్ మీద కూడా పెట్టారు. మొదట్లో డబ్బు పార్క్ ఎంట్రన్స్ ఫీజులూ, మోటర్‌బోట్ల పెట్రోల్ మీద టాక్సూ, గవర్నమెంట్‌కి అక్కర్లేని ఆస్తుల అమ్మకాలూ, వీటిలోంచి వచ్చేది. సరిపోలా. 1968లో సముద్రంలో ఆయిల్, గ్యాస్ తవ్వుకునే కంపెనీలు గవర్నమెంట్‌కి కట్టే రాయల్టీల్లోంచి ఇటు మళ్ళించారు. లాజిక్ ఏంటంటే, దేశానికి చెందిన ఒక ఆస్తిని తవ్వి ఖర్చు పెట్టేస్తున్నాం, ఆయిల్ మళ్ళీ రాదు, అందుకని దానికి బదులుగా ఇంకో ఆస్తిని ఎప్పటికీ ఉండేలా దాచిపెడదాం అని. నాకు ఇందులో తమాషా ఏంటంటే, న్యూజెర్సీ 2018లో మా స్టేట్ నీళ్ళలో డ్రిల్లింగ్ కుదరదని చట్టం చేసుకుంది, గల్ఫ్ కోస్ట్ దగ్గర తవ్విన ఆయిల్ డబ్బుతో మాత్రం మన పార్కులు బాగుపడుతున్నాయి. ఏమంటాం, తీసుకుంటాం (నవ్వులు).

1970ల చివర్లో ఏడాదికి 900 మిలియన్ డాలర్లు అని లిమిట్ పెట్టారు. లిమిట్ అంటే పెద్ద నంబరు వినపడుతుంది కానీ ఆ డబ్బు ఫండ్ పేరు మీద పుస్తకాల్లో జమ అవుతుంది, చేతికి రావాలంటే కాంగ్రెస్ ప్రతి ఏడాదీ విడిగా ఇవ్వాలి. ఇవ్వలేదు. 900 మొత్తం ఇచ్చిన ఏడాదులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2020 దాకా చూస్తే ఇలా జమ అయి పార్కులకి రాకుండా వేరే ఖర్చుల్లోకి పోయిన మొత్తం 20 బిలియన్ డాలర్ల పైమాటే. దానికి తోడు చట్టం గడువే అయిపోయింది ఒకసారి 2015లో, ఇంకోసారి 2018లో. చివరికి 2019 మార్చిలో గడువు అనేది లేకుండా చేశారు, 2020 ఆగస్టులో గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్స్ యాక్ట్ వచ్చి, ప్రతి ఏడాదీ 900 మిలియన్లు కచ్చితంగా ఇవ్వాల్సిందే అన్నారు. సెనేట్‌లో 73-25, హౌస్‌లో 310-107. అది ఎలక్షన్ ఏడాది, పైగా కోవిడ్, ఇళ్ళల్లో మగ్గిపోయిన జనమంతా పార్కుల మీద పడ్డ రోజులు, ఈ రెండూ కలిసొచ్చాయనే నా ఉద్దేశం. రెండు పార్టీలవాళ్ళూ ఒకే బిల్లుకి అంత మెజారిటీతో ఓటెయ్యడం ఇప్పుడు ఊహించుకోండి చూద్దాం.

ఇప్పుడు అసలు పాయింటు, నేను ఇవాళ ఇక్కడికి వచ్చిందే దీని కోసం. మనవాళ్ళు గ్రాంట్ అనగానే ఎంత వచ్చింది అని అడుగుతారు. పేపర్లో కూడా అదే హెడ్డింగు, ఫలానా టౌన్‌కి ఇన్ని లక్షలు అని. ఆ డబ్బు ఐదేళ్ళలో ఎవరికీ గుర్తుండదు. దాంతోపాటు వచ్చే మెలిక మాత్రం మన మనవల దాకా ఉంటుంది. ఆ ఫెడరల్ చట్టంలో 6ఎఫ్ అని ఒక సెక్షన్ ఉంది. ఆ ఫండ్‌తో ఒక పార్కు కొన్నా, కనీసం అందులో ఒక ప్లేగ్రౌండ్ కట్టినా, అప్లికేషన్‌తో ఇచ్చిన మ్యాప్‌లో గీసిన హద్దు లోపలున్న భూమంతా ఇక ఎప్పటికీ జనం ఆటపాటలకే ఉండాలి. పదేళ్ళో పాతికేళ్ళో కాదు, ఎప్పటికీ. కాదు కూడదు అక్కడ ఫైర్ స్టేషనో స్కూలో కట్టాలంటే నేషనల్ పార్క్ సర్వీస్ ఒప్పుకోవాలి, దాని మార్కెట్ విలువకి తగ్గకుండా, ఉపయోగంలో సమానంగా ఉండే ఇంకో భూమి ఇవ్వాలి. డబ్బు వెనక్కి కట్టేస్తాం వదిలెయ్యండి అంటే కుదరదు. అది చాలామంది మేయర్లకి గ్రాంట్ తీసుకున్న ఇరవై ఏళ్ళ తర్వాత తెలిసి తల పట్టుకుంటారు, అప్పటికి సంతకం పెట్టిన మేయర్ రిటైరై ఫ్లోరిడాలో ఉంటాడు (నవ్వులు).

గ్రీన్ ఏకర్స్ మెలిక ఇంకా గట్టిది. ఒక టౌన్ ఆ డబ్బు ఒక్క పార్కు కోసం తీసుకుందనుకోండి, ఆ రోజుకి ఆ టౌన్ చేతిలో పార్కు అనో, ఓపెన్ స్పేస్ అనో ఎన్ని స్థలాలున్నాయో అన్నిటినీ లిస్టు రాసివ్వాలి. రోజీ అంటారు దాన్ని, ఏదో అమ్మాయి పేరులా ఉంటుంది కానీ అది రిక్రియేషన్ అండ్ ఓపెన్ స్పేస్ ఇన్వెంటరీ. డబ్బు ఒక్కదానికే వచ్చినా కట్టుబాటు మొత్తం లిస్టుకి. అందులోంచి ఒక ముక్క తియ్యాలంటే స్టేట్ పర్యావరణ శాఖ కమిషనర్ ఒప్పుకోవాలి, ఆ పైన స్టేట్ హౌస్ కమిషన్ అని ఇంకోటుంది, అదీ ఒప్పుకోవాలి, జనం ముందు హియరింగ్ పెట్టాలి, బదులు భూమి ఇవ్వాలి. అందుకే మీ ఇంటి పక్క పార్కు మీద బిల్డర్ కన్ను పడినా వెంటనే ఏమీ చెయ్యలేడు.

పెద్దవాళ్ళు అనుకుంటే ఇవేం ఆపుతాయి అంటారా. యాంకీ స్టేడియం చూడండి. బ్రాంక్స్‌లో కొత్త స్టేడియానికి పార్కు భూమి తీసుకున్నారు, 2006లో, మేకూంబ్స్ డ్యామ్ పార్క్ అని, అందులో కొంత భాగానికి ఈ ఫెడరల్ ఫండ్ డబ్బు పడి ఉంది. యాంకీస్ లాంటి టీమ్, న్యూయార్క్ లాంటి సిటీ, అయినా సరే నేషనల్ పార్క్ సర్వీస్ అప్రూవల్ తెచ్చుకోవాల్సి వచ్చింది, బదులు పార్కులు కట్టాల్సి వచ్చింది. 2009లో కొత్త స్టేడియం తెరిచారు, పాత స్టేడియం కూలగొట్టి ఆ స్థలంలో హెరిటేజ్ ఫీల్డ్ అని బేస్‌బాల్ గ్రౌండ్లు వేశారు, అది తెరిచేసరికి 2012. అంటే చుట్టుపక్కల పిల్లలకి మధ్యలో అన్నేళ్ళు సరైన గ్రౌండు లేదు. ఒక ఆరేళ్ళ పిల్లాడు పన్నెండేళ్ళవాడయిపోతాడండీ ఆ లోపు. ఆ మెలిక స్టేడియాన్ని ఆపలేకపోయింది, నిజమే, కానీ లేకపోతే ఆ బదులు గ్రౌండు కూడా వచ్చేది కాదని నేననుకుంటా.

మన ఇండియాలో ఈ ఐడియా లేదా అంటే ఉంది. లేఅవుట్ వేస్తే దాదాపు పదో వంతు ఓపెన్ స్పేస్ వదలాలి, దాన్ని మునిసిపాలిటీకో పంచాయతీకో రాసివ్వాలి. వదలకుండా ప్లాట్లు అమ్మేస్తే? తెలంగాణలో 2020 ఎల్ఆర్ఎస్‌లో, అంటే అనుమతి లేని లేఅవుట్లని రెగ్యులరైజ్ చేసే స్కీములో, అప్లై చేసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు, గుర్తుందా, ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ అని వేశారు. అంటే పార్కు లేనందుకు డబ్బు కట్టాం. భూమికి బదులు భూమి కాదు, భూమికి బదులు డబ్బు. ఆ కాలనీలో పిల్లలు ఆడుకునే చోటు మాత్రం ఎక్కడినుంచీ రాలేదు. తేడా అక్కడుంది చూడండి. వదిలిన చోట కూడా పార్కు స్థలంలో రాత్రికి రాత్రి ప్రహరీలు లేచిన కథలు మీకు నాకంటే ఎక్కువ తెలుసు, 2024లో హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా అనే సంస్థ పెట్టాల్సి వచ్చింది అందుకే కదా. దాని పనితీరు మీద మళ్ళీ గొడవ వద్దు, అది వేరే మీటింగు.

ట్రెయిల్స్, అంటే నడక దారుల గురించి చెప్పమని మా కమిటీ అమ్మాయి చీటీ ఇచ్చింది. మిడిల్‌సెక్స్ గ్రీన్‌వే మీద నడిచినవాళ్ళు ఎంతమంది? చాలామందే ఉన్నారు. మెటచన్, ఎడిసన్, వుడ్‌బ్రిడ్జ్ మూడు టౌన్ల మీదుగా మూడున్నర మైళ్ళు, ఒకప్పుడు లీహై వ్యాలీ రైల్‌రోడ్ లైను అది. రైలు ఆగిపోయాక చెత్తా చెదారం, ముళ్ళకంపలు, 2012లో ట్రెయిల్‌గా తెరిచారు. ఇప్పుడు సాయంత్రం వెళ్తే ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలే ఎక్కువ కనిపిస్తారు, వాళ్ళకి డ్రైవింగ్ రాదు, నడకే దిక్కు. పాత రైలు దారి అంటే ఎంతో సులువు అనుకుంటారు గానీ కొనడం ఒక ఎత్తు, కట్టడం ఇంకో ఎత్తు. మాంట్‌క్లెయిర్ నుంచి జెర్సీ సిటీ దాకా 9 మైళ్ళ పాత రైలు దారిని స్టేట్ 2022లో 65 మిలియన్లకి కొన్నది, అది భూమి ఖరీదు మాత్రమే, వంతెనలూ మట్టి శుభ్రం చెయ్యడమూ ఆ పైన. ట్రెయిల్స్‌కి విడిగా ఫెడరల్ రిక్రియేషనల్ ట్రెయిల్స్ ప్రోగ్రామ్ ఉంది, మామూలుగా 80 శాతం వాళ్ళు, 20 మనం. ఆ డబ్బు ఎక్కడిదంటే రోడ్డు మీద కాకుండా అడవుల్లో, మంచులో తిప్పే బండ్లలో పోసిన పెట్రోల్ మీద వచ్చే టాక్స్. అందుకే అందులో 30 శాతం ఆ మోటర్ బండ్ల దారులకే పోవాలని రూలు, నడిచేవాళ్ళకి అది నచ్చకపోయినా సరే.

పొలాల సంగతి ఒక్క ముక్కలో. క్రాన్‌బరీ వైపు డ్రైవ్ చేస్తుంటే రోడ్డు పక్కన ప్రిజర్వ్‌డ్ ఫార్మ్‌లాండ్ అని బోర్డులు కనిపిస్తాయి. ఆ భూమి గవర్నమెంట్‌ది కాదు, రైతుదే, ఇళ్ళు కట్టుకునే హక్కు ఒక్కటి గవర్నమెంట్ కొనేసింది. రైతు అమ్ముకోవచ్చు, పిల్లలకి ఇవ్వొచ్చు, కొన్నవాడు కూడా దాన్ని సాగు భూమిగానే ఉంచాలి. పబ్లిక్ డబ్బు పెట్టారు కదా అని చాపా దుప్పటీ వేసుకుని పులిహోర డబ్బా తెరవకండి, అది ప్రైవేట్ పొలం (నవ్వులు).

బ్లూ ఏకర్స్ అని ఇంకో స్టేట్ ప్రోగ్రామ్, దాని గురించి మాత్రం కొంచెం చెప్తాను, ఎందుకంటే మన మిడిల్‌సెక్స్ కౌంటీలోనే జరిగింది. 2012 అక్టోబర్‌లో శాండీ తుఫాను వచ్చినప్పుడు వుడ్‌బ్రిడ్జ్‌లో, సేర్‌విల్‌లో వీధులకి వీధులే మునిగాయి. మళ్ళీ మళ్ళీ మునిగే ఇళ్ళని వాళ్ళు అమ్ముతామంటే స్టేట్ కొంటుంది, బలవంతం లేదు, ఇల్లు కూలగొట్టి ఆ స్థలాన్ని ఖాళీగా వదిలేస్తుంది, ఇక ఎవరూ కట్టడానికి లేదు, వరద నీళ్ళు నిలవడానికి చోటు. ఎక్కువ భాగం డబ్బు ఫీమా నుంచి, అంటే ఫెడరల్ విపత్తుల సంస్థ నుంచి. పార్కు అంటే ఉయ్యాల, జారుడుబండే అనుకుంటాం, దీనికి స్టేట్ పెట్టేది కూడా పార్కు డబ్బే. పాతికేళ్ళు కట్టుకున్న ఇల్లు బుల్డోజర్ కింద పడుతుంటే చూడటం ఎవరికీ సులువు కాదు, కానీ 2021లో ఐడా తుఫాను వచ్చినప్పుడు ఆ ఖాళీ చేసిన వీధుల్లో మునగడానికి ఇళ్ళు లేవు.

సరే, మరి మీరేం చెయ్యాలి. అప్లికేషన్ పెట్టేది మనం కాదు, టౌన్ గానీ కౌంటీ గానీ నాన్‌ప్రాఫిట్ గానీ. టౌన్ కౌన్సిల్ తీర్మానం చెయ్యాలి, పబ్లిక్ హియరింగ్ పెట్టాలి. ఆ హియరింగ్‌కి ఎవరొస్తారనుకున్నారు? ఎవరూ రారు. వచ్చినా ఆ స్థలం ఎదురింటాయన వచ్చి పార్కొస్తే కార్లు ఆపుతారు, కుర్రాళ్ళు చేరి గోల చేస్తారు అని చెప్పి పోతాడు, రికార్డులో ఆయన మాటొక్కటే ఉంటుంది. గ్రాంట్ ఇచ్చేవాళ్ళు జనానికి ఇది కావాలా అని చూస్తారు, దానికి కూడా మార్కులుంటాయి. మన సంక్రాంతి ఫంక్షన్‌కి ఆరొందల మంది వస్తారు, హియరింగ్‌కి ఆరుగురు రారు. తిట్టడం లేదు, ఉన్నమాట.

ఇంకోటి, ఫెడరల్ డబ్బు చాలావరకు రీయింబర్స్‌మెంట్. టౌన్ ముందు ఖర్చు పెట్టాలి, బిల్లులు చూపించాలి, అప్పుడు వెనక్కి వస్తుంది. చేతిలో డబ్బు లేని పేద టౌన్లు ఇక్కడే ఆగిపోతాయి, నిజానికి పార్కులు బాగా కావాల్సింది వాళ్ళకే. స్టేట్ కొన్ని పేద పట్టణాలకి 75 శాతం దాకా గ్రాంట్ ఇస్తుంది గానీ ఆ మిగతా పాతిక కూడా భారమే. కట్టాక గడ్డి కోసేదెవరు, బాత్రూమ్ కడిగేదెవరు, వాటికి ఈ గ్రాంట్లు ఒక్క డాలర్ ఇవ్వవు. రిబ్బన్ కట్ చేసేటప్పుడు ఫొటోలో అందరూ ఉంటారు, రెండేళ్ళకి ఊడిపోయిన ఉయ్యాల ఫొటోలో ఎవరూ ఉండరు.

ప్రశ్నలు తీసుకుందాం. ఆ, తమ్ముడూ, చెప్పు.

(ప్రేక్షకుల్లోంచి: క్రికెట్ గ్రౌండ్‌కి ఈ గ్రాంట్ వస్తుందా అన్నా?)

వస్తుంది, ఎందుకు రాదు, బయట ఆడే ఆటే కదా. కానీ మా లీగ్‌కే అంటే రాదు. అందరికీ తెరిచి ఉండాలి. ఇంకో రూలు వినండి, మా టౌన్ వాళ్ళకే అని బోర్డు పెట్టడానికి కూడా లేదు, బయటివాళ్ళ దగ్గర ఫీజు ఎక్కువ తీసుకోవచ్చు, అదీ మనవాళ్ళ ఫీజుకి రెట్టింపు దాటకూడదు, ఫెడరల్ ఫండ్ పడితే. మీరు కౌన్సిల్‌కి వెళ్ళేటప్పుడు లీగ్ జెర్సీలు వేసుకుని పాతిక మంది వెళ్తే సరిపోదు, పొద్దున పిల్లల సాకర్, మధ్యాహ్నం మన క్రికెట్, చుట్టూ పెద్దవాళ్ళు నడిచే దారి అని ప్లాను తీసుకెళ్ళండి, సాకర్ వాళ్ళని కూడా వెంటబెట్టుకెళ్ళండి. అది పేపర్ మీద బలంగా ఉంటుంది.

(ఇంకొకరు: మా గుడి పక్కనే పార్కు ఉంది, పండగలప్పుడు పార్కింగ్ చాలట్లేదు, ఒక మూల అరెకరం మాకు లీజుకి ఇవ్వమని టౌన్‌ని అడగొచ్చా?)

అంకుల్, అడిగితే ఏం చెప్తారో ఇప్పటిదాకా చెప్పిందంతా అదే (నవ్వులు). అది రోజీ లిస్టులో ఉంటే పార్కింగ్ లాటుకివ్వడం అంటే డైవర్షన్, అంటే పార్కు భూమిని వేరే పనికి మళ్ళించడం కిందకొస్తుంది, ఆ కమిషనర్, ఆ కమిషన్, ఆ బదులు భూమి అన్నీ మొదలు. పక్కన ఏ ఆఫీస్ కాంప్లెక్సో ఉంటే వీకెండ్‌లో వాళ్ళ లాట్ ఖాళీగా ఉంటుంది, వాళ్ళతో మాట్లాడుకుని ఒక షటిల్ పెట్టుకోండి. దేవుడి పని కదా అంటే నిజమే, కానీ ఇవాళ మన గుడికి ఇచ్చే తలుపు తెరిస్తే రేపు అదే తలుపులోంచి కార్ డీలర్ వస్తాడు.

(ఒక మహిళ: మా వీధి చివర అడవి లాంటి స్థలముంది, ఐదారెకరాలు, ఇళ్ళు కట్టేస్తారని అంటున్నారు, మేమేం చెయ్యగలం?)

ముందు కంగారుపడకుండా అది ఎవరిదో చూడండమ్మా. ఓనర్ అమ్మడానికి ఇష్టపడితేనే ఇదంతా మామూలుగా నడుస్తుంది, మీరు కోప్పడితే నడవదు. గవర్నమెంట్ డబ్బు పెట్టాలంటే వాళ్ళు ఒప్పుకున్న అప్రైజర్‌తో విలువ కట్టించాలి, ఓనర్ దానికంటే ఎక్కువ అడిగితే ఆ పై మొత్తం టౌన్ సొంతంగా భరించాలి, దానికి గ్రాంట్ రాదు, చాలా డీల్స్ అక్కడే చెడిపోతాయి. బిల్డర్ ఇప్పటికే ప్లానింగ్ బోర్డ్‌కి అప్లై చేసేశాడా లేదా అన్నది ఇంకా ముఖ్యం, అప్రూవల్ వచ్చేస్తే రేటు ఒక్కసారిగా పెరిగిపోతుంది. కాబట్టి రేపే కౌంటీ టాక్స్ రికార్డుల్లో వెతకండి, ఆన్‌లైన్‌లో ఫ్రీగానే ఉంటాయి, బ్లాక్ నంబరు, లాట్ నంబరు రాసుకోండి. టౌన్ క్లర్క్‌ని ఆ లాట్ మీద ఏమైనా అప్లికేషన్ పెండింగ్‌లో ఉందా అని అడగండి, చెప్పాల్సిన బాధ్యత వాళ్ళకుంది. తర్వాత టౌన్ ఎన్విరాన్‌మెంటల్ కమిషన్ మీటింగ్ ఎప్పుడో కనుక్కుని వెళ్ళండి, ఒక్కరే వెళ్ళకండి, వీధిలో నలుగుర్ని తీసుకెళ్ళండి, మన తెలుగువాళ్ళనే కాదు, ఆ ఎదురింట్లో ముప్పై ఏళ్ళుగా ఉంటున్న ముసలాయన్ని కూడా. చేతిలో బ్లాక్, లాట్ నంబర్లు పెట్టుకుని మాట్లాడితే, అడవి పోతోంది కాపాడండి అని మాట్లాడితే, ఆ టేబుల్ అవతల కూర్చున్నవాళ్ళు రెండిటినీ ఒకేలా వినరు.